వెనకవైపు ఫొటో పంపగలరా?

గత ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి నా ఎదురుగా లాప్‌టాప్‌లో ఒక నల్లపిల్లి, పక్కనే ఫోన్‌లో నాన్న. పిల్లి అంటే అట్టపిల్లి. నడుము విల్లులా వంచి, తోక నిటారుగా లేపి, నారింజ రంగు కళ్ళతో సూటిగా చూస్తోంది. 1920లలోనో 30లలోనో జర్మనీలో అచ్చై, ఓడలో అమెరికాకి వచ్చి, ఏటా అక్టోబరు చివర్లో హాలోవీన్ పండక్కి ఎక్కడో గోడ మీద నిలబడిన బొమ్మ. ఆన్‌లైన్ వేలం ముగియడానికి ఇంకా పది నిమిషాలుంది. తెనాలిలో నాన్నకి అప్పుడు పొద్దున్న ఏడు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, నేను పంపిన ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూస్తున్నారు.

"ముందువైపు బాగానే ఉందమ్మా. వెనకవైపు ఏదీ?" అన్నారు.

ఎన్నో ఏళ్ళుగా ప్రతి అమ్మకందారుకీ నేను పంపే మొదటి సందేశం అదే. వెనకవైపు ఫొటో పంపగలరా? ఈ పిల్లిని అమ్ముతున్నాయనకి కూడా గురువారమే పంపాను. శనివారం సాయంత్రం జవాబు వచ్చింది. ఆ ఫొటో దగ్గరికి వచ్చే ముందు, వెనకవైపు మీద నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలి.

మేము పెన్సిల్వేనియాలో, హ్యారిస్‌బర్గ్ పక్కన మెకానిక్స్‌బర్గ్‌లో ఉంటాం. పదకొండేళ్ళ కిందట కార్లైల్‌లో ఒక ఎస్టేట్ సేల్‌కి వెళ్ళాను. ఇంటి పెద్దవాళ్ళు పోయాక వాళ్ళ సామానంతా ఆ ఇంట్లోనే పెట్టి అమ్మేస్తారు, దాన్ని ఇక్కడ అలా అంటారు. నేను వెతికింది పుస్తకాల అర. అది అప్పటికే అమ్ముడైపోయింది. కింద బేస్‌మెంట్‌లో ఒక చెప్పుల డబ్బా కనిపించింది. లోపల నారింజ, నలుపు రంగుల అట్టబొమ్మలు: ఒక గుడ్లగూబ, చీపురు మీద ఎగురుతున్న మంత్రగత్తె, నవ్వుతున్న గుమ్మడికాయ మొహాలు. ఎనిమిది డాలర్లు. ఇంటికొచ్చి గుడ్లగూబని దీపం కిందకి తీసుకెళ్ళి చూస్తే, అంచున చీమంత అక్షరాల్లో బైస్టిల్ కంపెనీ పేరు ఉంది.

వెతికితే తెలిసింది. మార్టిన్ లూథర్ బైస్టిల్ అనే ఆయన 1900లో మొదలుపెట్టిన కంపెనీ అది. ఊరు షిప్పెన్స్‌బర్గ్. మా ఇంటి నుంచి ఐ-81 హైవే మీద ముప్పావుగంట కూడా పట్టదు. మడత విప్పితే తేనెపట్టులా గుండ్రంగా విచ్చుకునే పలుచని కాగితం బొమ్మలకి ఆ కంపెనీ ప్రసిద్ధి. 1920ల నుంచి హాలోవీన్ అట్టబొమ్మలు లెక్కలేనన్ని చేసింది, ఇప్పటికీ చేస్తోంది. నేను ఎన్నోసార్లు దాటిపోయిన ఊళ్ళో అచ్చైన బొమ్మ, ఎవరి ఇంట్లోనో అన్నేళ్ళు చెప్పుల డబ్బాలో దాగి నా చేతికి వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే నాన్నకి ఫోన్ చేశాను.

నాన్నకే ఎందుకంటే, తెనాలిలో ఆయనకి ముప్పయ్యేళ్ళకి పైగా ప్రెస్సు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, స్వీటు షాపుల అట్టపెట్టెలు. నేను హోంవర్కు చేసుకున్నది ఆ ట్రెడిల్ మెషిన్ చప్పుడులోనే. రంగు ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగితే "రిజిస్టర్ తప్పింది" అని ఆ కాగితం పక్కన పడేసేవారు. ఆయనకి హాలోవీన్ సంగతి తెలియదు కానీ అట్ట తెలుసు, సిరా తెలుసు. గుడ్లగూబని వీడియోలో చూపిస్తే పండగ గురించి ఒక్క మాట అడగలేదు. "డై పంచింగ్ ఎంత శుభ్రంగా ఉందో చూడు, చెవుల దగ్గర ఎక్కడా చిరగలేదు" అన్నారు. డై పంచింగ్ అంటే అట్టని బొమ్మ ఆకారానికి అచ్చుతో నొక్కి కోయడం. అప్పటి నుంచి మేమిద్దరం కలిసే చూస్తున్నాం.

ఈ బొమ్మలు ఇంత అపురూపం ఎందుకయ్యాయో కాస్త చెప్పాలి. ఇప్పుడు హాలోవీన్ అంటే పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు తెచ్చుకోవడం. ఆ అలవాటు దేశమంతా పాకింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1947లో చక్కెర రేషన్ ఎత్తేశాకే. అంతకుముందు, 1910ల నుంచి 30ల దాకా, హాలోవీన్ అంటే ఎక్కువగా ఇంట్లోనో బళ్ళోనో చర్చి హాల్లోనో జరిగే పార్టీ. పార్టీ అంటే అలంకరణ ఉండాలి కదా. మసాచుసెట్స్‌లో ఫ్రేమింగ్‌హామ్ ఊరి డెనిసన్ కంపెనీ 1909లో 'బోగీ బుక్' అని ఒక చిన్న పుస్తకం వేసింది. తమ ముడతల కాగితంతో గది ఎలా అలంకరించాలో, పిల్లలకి ఏ వేషం ఎలా కట్టాలో అందులో ఉంటుంది. కొన్నేళ్ళకి అది ఏటా రావడం మొదలైంది. ఇప్పుడు ఆ పుస్తకాలే సేకరణ వస్తువులు. కానీ ఆ అలంకరణలన్నీ కాగితం, అట్ట. ఒక్క రాత్రి కోసం కొని, తెల్లారి తీసి పారేసేవి. మిగిలినవి ఎవరో ఒక ఇల్లాలు "వచ్చే ఏడాదికి పనికొస్తాయి" అని దాచినవి మాత్రమే.

జర్మన్ బొమ్మల సంగతి వేరే. జర్మనీలో అప్పట్లో ఈ పండగే లేదు. అయినా పలక మీద బొమ్మ గీసి అచ్చు తీసే రంగుల లితో పనిలోనూ, అట్టని లోపలి నుంచి ఉబ్బెత్తుగా నొక్కే ఎంబాసింగ్‌లోనూ అక్కడి పనివాళ్ళు ఆరితేరినవాళ్ళు. క్రిస్మస్ బొమ్మలు అప్పటికే అమెరికాకి పంపుతున్నారు. దిగుమతి వ్యాపారులు ఇక్కడి నుంచి గుమ్మడికాయలు, పిల్లులు, మంత్రగత్తెలు, అస్థిపంజరాలు కావాలని ఆర్డర్లిస్తే, తాము ఎన్నడూ చేసుకోని పండగకి వాళ్ళు బొమ్మలు చేసి పంపారు. ఆ మొహాల్లో ఒక వింత ఉంటుంది. అమెరికా గుమ్మడికాయ పళ్ళన్నీ చూపిస్తూ నవ్వుతుంది. జర్మన్ గుమ్మడికాయ ఏదో ఆలోచనలో పడ్డట్టు ఉంటుంది. నాకు జర్మన్‌వే ఇష్టం. ధర కూడా వాటికే ఎక్కువ, నకిలీలూ వాటికే ఎక్కువ.

నకిలీ నా చేతికి రెండో ఏడాదే వచ్చింది. ఇలాంటి పిల్లే, దీనికన్నా కాస్త చిన్నది. వేలంలో 118 డాలర్లకి పాడుకున్నాను. అమ్మకం పేజీలో ఒకటే ఫొటో, ముందువైపుది. "అమ్మమ్మ అటక మీద దొరికింది" అని రాసి ఉంది. ఇంకో ఫొటో అడగాలని నాకు తోచలేదు. బొమ్మ వచ్చాక కవరులోంచి తీసి తిరగేస్తే, వెనకంతా చదునుగా ఉంది. అక్కడే గుండె జారిపోయింది.

ఎందుకంటే ఎంబాసింగ్ చేసిన అట్టకి ముందు ఎక్కడ ఉబ్బు ఉంటే వెనక సరిగ్గా అక్కడ గుంట ఉండాలి. పిల్లి చెంప ముందుకొస్తే వెనక చెంపంత గుంట. నా చేతిలో ఉన్నదానికి ఉబ్బు లేదు. ఉబ్బు తాలూకు నీడ మాత్రం అచ్చులో ఉంది. అసలు బొమ్మని ఫొటో తీసి మళ్ళీ అచ్చేశారు. ముందు నుంచి తీసిన ఫొటోలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. వెనక నుంచి, అందులోనూ దీపం పక్క నుంచి పడేలా తీసిన ఫొటోలో మాత్రం దాగదు.

ఆ సాయంత్రం నాన్న చెబుతుంటే, భూతద్దం ఫోన్ కెమెరాకి ఆనించి దగ్గర్నుంచి ఫొటోలు తీసి పంపాను. "నాలుగు రంగుల స్క్రీన్ అమ్మా ఇది. చుక్కలన్నీ వరసలు కట్టి చిన్న పూలల్లే పడ్డాయి చూడు" అన్నారు. ఫొటోని నాలుగు సిరాల చిన్న చిన్న చుక్కలుగా విడగొట్టి అచ్చేయడాన్నే ఆయన స్క్రీన్ అంటారు. ఆ కాలంలో స్క్రీన్ అచ్చు లేదని కాదు. కానీ ఈ జర్మన్ బొమ్మల లితోలో చుక్కలు కళాకారుడి చేత్తో పెట్టినట్టు చిన్నా పెద్దా కలిసి, వరస లేకుండా ఉంటాయి. బైస్టిల్ వాళ్ళ పాత అట్టల్లో నారింజ, నలుపు చాలాచోట్ల చుక్కల్లేని నిండు రంగులు. నాన్న భాషలో సాలిడ్. నిండుగా ఉండాల్సిన నారింజలో భూతద్దం కింద గులాబీ, పసుపు చుక్కలు విడివిడిగా కనిపిస్తే అది ఇటీవలి అచ్చు.

ఇంకో సంగతి ఆయన చెబితే తప్ప నా కంటికి ఆనేది కాదు. అంచు. అట్ట కోసిన అంచు వెనకవైపు రంగులోనే, గోధుమరంగులో ఉండాలి. నా నకిలీకి పైన మరకలు, పసుపుదనం అన్నీ ఉన్నాయి, అంచు మాత్రం తెల్లగా ఉంది. పాతగా కనపడాలని టీ డికాక్షన్ లాంటిదేదో పూశారు. పూసింది పైకే అంటుతుంది. పైగా నిజంగా వయసు మీద పడిన అట్ట ఒకేలా ముదరదు. గాలి తగిలిన చుట్టూరా ముదురుగా, వేరే బొమ్మ కింద నలిగిన చోట లేతగా ఉంటుంది. నాదాన్లో పసుపు ఆ చివర నుంచి ఈ చివరదాకా ఒకే తీరు.

అమ్మినవాళ్ళకి రాశాను. వాళ్ళు "మాకూ తెలియదు" అన్నారు. డబ్బు వెనక్కి ఇచ్చారు కానీ దానికి నెలన్నర పట్టింది. ఆ పిల్లిని వాళ్ళకి తిరిగి పంపాల్సి వచ్చినప్పుడు, వెనక పెన్సిల్‌తో చిన్నగా "నకలు" అని ఇంగ్లీషులో రాసి పంపాను. ఇంకొకరు మోసపోకూడదని. అలా రాయడం తప్పో ఒప్పో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అది అప్పటికి నా వస్తువు కాదు కదా.

తర్వాత ఒక బ్లాక్‌లైట్ టార్చి కొన్నాను, అతినీలలోహిత కాంతినిచ్చేది. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు సుమారు 1950 నుంచి వాడకంలోకి వచ్చాయి. ఆ టార్చి వెలుగులో అవి నీలంగా వెలుగుతాయి. యుద్ధానికి ముందుది అని చెప్పే అట్ట చీకట్లో నీలంగా వెలిగితే సందేహమే లేదు, పక్కన పెట్టేయాలి. వెలగకపోతే మాత్రం ఇంకా ఏమీ తేలనట్టే. ఇప్పటి బూడిదరంగు అట్టలు కూడా చాలావరకు వెలగవు. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్ళు చాలామంది "టార్చిలో వెలగలేదు కాబట్టి అసలుదే" అని రాస్తుంటారు, అది చదివినప్పుడల్లా నాకు టెన్షన్. ఎవరో ఆ మాట నమ్మి రెండొందలు పెడతారు.

వెనకవైపు ఇంకా ఏం చెబుతుందంటే, అక్షరాలు. 1890 నాటి సుంకాల చట్టం వల్ల, 1891 నుంచి దిగుమతి సరుకు మీద ఏ దేశానిదో ఇంగ్లీషులో ఉండాలి. అందుకే ఎక్కడో ఒక మూల "జర్మనీ" అని చిన్న ముద్ర ఉంటుంది. పేకెట్లలో కట్టలుగా వచ్చిన చిన్న బొమ్మలకి ఒక్కోసారి పేకెట్ మీదే ఉండేది, కాబట్టి ముద్ర లేనంత మాత్రాన అనుమానించక్కర్లేదు. "వెస్టర్న్ జర్మనీ" అని ఉంటే అది యుద్ధం తర్వాతది. "ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే 1945కీ 1952కీ మధ్యది. బైస్టిల్ బొమ్మల మీద హెచ్.ఇ. లూర్స్ అనే పేరు కనిపిస్తే అది కంపెనీ యజమాని అల్లుడి పేరు. మామగారి తర్వాత కంపెనీ నడిపింది ఆయనే. 

డబ్బాతో సహా దొరికితే ఇంకా మంచిది. చిరునామాలో ఊరి పేరు తర్వాత ఒకటో రెండో అంకెలున్న పోస్టల్ జోన్ ఉంటే 1943కీ 1963కీ మధ్యది. మన పిన్‌కోడ్ లాంటి అయిదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 జులై తర్వాతది. బార్‌కోడ్ ఉంటే 1970ల కన్నా పాతది అయ్యే వీల్లేదు. ఒకసారి "1950ల నాటి అరుదైన సెట్" అని పెట్టినదాన్లో మూడో ఫొటోలో డబ్బా అడుగున బార్‌కోడ్ స్పష్టంగా కనిపిస్తోంది. అప్పటికే పధ్నాలుగు మంది పాడారు. ఒక్కరైనా ఆ మూడో ఫొటో చూసి ఉంటారా అనిపించింది.

గుమ్మడికాయ లాంతర్ల విషయంలో వెనకవైపుకి బదులు లోపలి ఫొటో అడగాలి. కోడిగుడ్ల ట్రే చేసే కాగితపు గుజ్జుతోనే చేసిన లాంతర్లు అవి. 1930ల నుంచి 50ల దాకా పిల్లలు చేత్తో పట్టుకుని తిరిగేవారు. కళ్ళకీ నోటికీ రంధ్రాలుంటాయి, వాటికి లోపలి నుంచి కళ్ళు, పళ్ళు అచ్చేసిన పలుచటి కాగితం అతికిస్తారు. లోపల నిజం కొవ్వొత్తి వెలిగిస్తే కళ్ళు మెరుస్తాయి. కాగితం లాంతరు, లోపల నిప్పు, పట్టుకున్నది ఏడేళ్ళ పిల్ల! ఎన్ని కాలిపోయి ఉంటాయో ఊహించండి. మిగిలినవాటిలో లోపలి కాగితం ఉన్నవి ఇంకా తక్కువ. అందుకే కొత్త కాగితాలు అచ్చేసి పాత లాంతర్లకి అతికిస్తారు. అది చెప్పి అమ్మితే తప్పులేదు. చెప్పకుండా అమ్ముతారు, అదే బాధ.

లోపలి ఫొటోలో నేను చూసేది మసి. కొవ్వొత్తి వెలిగిన లాంతరులో పైన మసి ఉండాలి, అడుగున మైనం చుక్కలో, మైనం పీల్చుకున్న నూనె మరకో ఉండాలి. కాగితం మాత్రం తళతళలాడుతూ చుట్టూ గుజ్జంతా మసిబారి ఉంటే ఆ కాగితం తర్వాత వచ్చింది. తీగ పట్టీ దూరిన రెండు చిల్లుల దగ్గర తుప్పు మరక, లాగడంతో కాస్త సాగిన ఆకారం ఉండాలి. మా ఇంట్లో ఇలాంటివి రెండే ఉన్నాయి. పెద్దదానికి ఎడమ కన్ను కాగితం సగం కాలిపోయి ఉంటుంది. మార్పించమని ఒకరిద్దరు చెప్పారు. మార్చను. ఆ రాత్రి ఆ పాప ఎంత ఉలిక్కిపడి ఉంటుందో, ఎవరు ఊది ఆర్పి ఉంటారో, ఆ కాలిన అంచులో కనిపిస్తుంది నాకు.

రేకు గిలక్కాయలు, బూరాలు కూడా బాగుంటాయి. నెవార్క్‌లో కిర్చాఫ్, బ్రూక్లిన్‌లో టి. కోన్ కంపెనీలు చేసినవి. రేకు మీదే లితో అచ్చు, మంత్రగత్తెలూ చంద్రుడూ. పిడి చెక్కదైతే సాధారణంగా పాతది, ప్లాస్టిక్‌దైతే తర్వాతది. ఇవి ఇంకా పాతిక ముప్పయి డాలర్లకి దొరుకుతాయి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి మంచి దారి. 1950ల గట్టి ప్లాస్టిక్ బొమ్మలు సేకరించేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు కాగితం మీద ఉన్న మనసు వాటి మీద లేదు.

ఏది లోపం, ఏది కాదు అన్న దగ్గర నా లెక్క అందరి లెక్కలాంటిది కాదు. గుండుసూది చిల్లుల్ని చాలామంది లోపంగా రాస్తారు, ధర తగ్గిస్తారు. నాకు అవి కావాలి. గోడకి కొట్టిన బొమ్మ అని చెప్పేది అవే కదా. చిల్లు చుట్టూ సన్నటి తుప్పు వలయం ఉంటే ఇంకా సంతోషం. మడత పర్వాలేదు, రంగు ఎక్కడా తెగకపోతే. సెలోటేప్ మాత్రం భయం. జిగురు ఏళ్ళ తరబడి అట్టలోకి దిగి గోధుమరంగు చారలుగా మిగిలిపోతుంది, అది పోదు. దానికన్నా ఘోరం కత్తిరింపు. పిల్లి తోక చివర, చీపురు కర్ర, మంత్రగత్తె వేళ్ళు లాంటి సన్నటి భాగాలు విరిగితే, విరిగిన చోట కత్తెరతో నునుపుగా కోసేసి "సంపూర్ణం" అని అమ్ముతారు. అందుకే నేను ఏ బొమ్మ పాడే ముందైనా అదే బొమ్మ పాత అమ్మకాల ఫొటోలు నాలుగైనా పక్కన పెట్టుకుని తోక పొడవు పోల్చి చూస్తాను.

ధర విషయంలో ఒకటే చెబుతాను. అడుగుతున్న ధర చూడొద్దు, అమ్ముడైన ధర చూడండి. ఈబేలో పూర్తయిన అమ్మకాలు విడిగా చూసుకోవచ్చు. 400 డాలర్లు పెట్టి రెండేళ్ళుగా కదలని బొమ్మ ధర 400 కాదు. అలాగే ఒక్కసారి 300కి పోయినంత మాత్రాన అది 300 బొమ్మ అయిపోదు. ఆ రోజు ఇద్దరు పట్టు విడవలేదు, అంతే. అదే బొమ్మ అమ్ముడైన ధరలు నాలుగైదు చూసి, పైదీ కిందదీ తీసేసి, మధ్యలోది పట్టుకుంటాను. సెప్టెంబరు, అక్టోబరుల్లో పాడేవాళ్ళు ఎక్కువ. జనవరిలో నేను కొన్నవే నాకు బాగా కలిసొచ్చాయి.

వేలం సంస్థల్లో పాడేవాళ్ళు బయర్స్ ప్రీమియం, అంటే పాట ధర మీద సంస్థ అదనంగా తీసుకునే రుసుము, మర్చిపోతారు. పాట 200 దగ్గర ఆగిందనుకోండి. ప్రీమియం 25 శాతమైతే 250. పంపే ఖర్చు 18, మొత్తం 268. మా పెన్సిల్వేనియాలో పంపే ఖర్చు మీద కూడా 6 శాతం అమ్మకం పన్ను పడుతుంది. చేతికొచ్చేసరికి 284 డాలర్ల 8 సెంట్లు. నేను ఈ లెక్కంతా వెనక నుంచి వేసుకుని, నా పై హద్దు ముందే కాగితం మీద రాసుకుంటాను. పాట మొదలయ్యాక రాసుకోను, అప్పటికి మనసు మన చేతిలో ఉండదు.

ఇక ఆదివారం రాత్రి సంగతి.

పిల్లిని అమ్ముతున్నాయన శనివారం పంపిన ఫొటో తెరిచినప్పుడే నాకు ఊపిరి ఆగినంత పనైంది. కిటికీ పక్కన పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా తీశారు. వెనక గుంటలన్నీ ఉన్నాయి. చెంపలు, వెన్నెముక మీది వెంట్రుకలు, పాదాల గోళ్ళు కూడా. అట్ట గోధుమరంగు, అంచూ అదే రంగు. కింద మూల "జర్మనీ". నాలుగు చిల్లులు, వాటిలో రెండింటికి తుప్పు వలయాలు. మధ్యలో పెన్సిల్‌తో, గుండ్రటి చక్కటి చేతిరాతలో, "రూమ్ 4".

"బడిదమ్మా ఇది. టీచరమ్మ రాసుకున్నది" అన్నారు నాన్న. "తర్వాత పెట్టె తెరిచినప్పుడు ఎవరి గదిదో తెలియాలని."

నా హద్దు 163 డాలర్ల 27 సెంట్లు. గుండు అంకె ఎప్పుడూ పెట్టను, 160 దగ్గర ఇంకొకరు ఆగి ఉంటే ఆ కాస్త చిల్లరే పనికొస్తుంది. ఏడు సెకన్లు ఉండగా నొక్కాను. పేజీ ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత ఎర్ర అక్షరాల్లో వచ్చింది, మీ కన్నా ఎక్కువ పాడినవారున్నారు అని. 165 డాలర్ల 77 సెంట్లు. ఆ ధర దగ్గర ఒక్కో మెట్టు రెండున్నర డాలర్లు. అంటే నా అంకె మీద ఒక్క మెట్టు. అవతలివారి అసలు హద్దు ఎంతో నాకు కనిపించదు. 170 కావచ్చు, 500 కావచ్చు. ఒక్క మెట్టుతో పోయిందని బాధపడటానికి లేదని తెలుసు. తెలిసినా చాలాసేపు ఆ పేజీ మూయలేకపోయాను.

"పోనీలే తల్లీ, ఫొటో ఉందిగా" అన్నారు నాన్న. కాసేపాగి, "ఆ నాలుగో నంబరు గది ఏ బళ్ళోదో అడిగావా?" అన్నారు.

అడగలేదు. ఆ రాత్రే అడిగాను. కొనలేదు కదా, జవాబిస్తారో లేదో అనుకుంటూనే.

మంగళవారం జవాబు వచ్చింది. అది వాళ్ళ పెద్దమ్మగారిది. ఒహాయోలో చిన్న ఊళ్ళో మూడో తరగతి చెప్పేవారట. ప్రతి అక్టోబరులో గదంతా అలంకరించేవారట. ఆవిడ వస్తువుల్లో గ్యారేజీలో ఇంకో రెండు పెట్టెలున్నాయి, ఒకదాని మీద "శరదృతువు" అని ఆవిడ చేతిరాతతోనే ఉందట, ఇంకా తెరవలేదు, వారాంతంలో తెరుస్తానని రాశారు. అమ్మే ముందు నాకు చూపిస్తానన్నారు.

వెంటనే తిరిగి రాశాను. దయచేసి దేన్నీ తుడవకండి, తడి గుడ్డ అసలు తగిలించకండి. పాత టేప్ ఉంటే లాగకండి, రంగు దానితో లేచొచ్చేస్తుంది. ముడుచుకున్నవాటిని ఇస్త్రీ చేయకండి, బరువు పెట్టి నొక్కకండి, ఉబ్బులు పోతాయి. గ్యారేజీలోంచి ఇంట్లోకి తెచ్చి, ఎండ పడని చోట ఒక రోజు అలా ఉంచి అప్పుడు తీయండి. పెట్టెలో ఏది దేని మీద ఉందో తీసే ముందే ఒక ఫొటో తీసుకోండి. ఆవిడ ఏ వరసలో సర్దారో మళ్ళీ తెలియదు.

చివర్న ఇంకో వాక్యం చేర్చాను. అన్నింటికీ ముందు వెనకవైపులు తీయండి, ఆవిడ ఇంకేమైనా రాసి ఉండొచ్చు.

నాన్న శనివారం రాత్రికి అలారం పెట్టుకున్నారు.